శుక్లం తీయించుకొనే ముందు చదువు మాట చెప్పండి

ఇంద్రియాలన్నిటిలోనూ కన్నే ప్రధానమని పెద్దలు చెప్పిన మాట మనమందరమూ వల్లించేదే. ఆ కంటితో మనం ముఖ్యంగా చేసే పని ఏమిటన్నది మాత్రం ఆలోచించం. నేనూ ఆలోచించలేదు. రెండు కళ్ళకూ శుక్లం శస్త్రచికిత్స నిర్విఘ్నంగా జరిగిన తరువాత, వీధి చివరి వేపచెట్టు ఆకులు స్పష్టంగా కనిపించాయి గాని, చేతిలోని పుస్తకంలో ఒక్క అక్షరమూ ఆనలేదు. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పిన నాకు చదువే ఊపిరి. పైగా చిన్ననాటి నుంచీ హ్రస్వదృష్టి. దూరానికి కళ్ళజోడు పెట్టుకోవడం, చదివేటప్పుడు తీసివేయడం నా అలవాటు. ఇప్పుడది తలక్రిందులైంది.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. శుక్లమని తెలిసిన తరువాత కూడా నందివర్ధనం పూలరసమనీ, తేనె అనీ రెండేళ్ళు కాలయాపన చేశాను. పొన్నగంటికూర కమ్మని ఆహారమే, కాదనను. కాని శుక్లాన్ని కరిగించే రసం గాని, చుక్కల మందు గాని లేదు. శుభ్రత లేని రసాలు కంట్లో పోస్తే సూక్ష్మక్రిములు చేరి నల్లగుడ్డు పుండుపడే ప్రమాదమున్నది. సుశ్రుతుడంతటివాడే ఉత్తరతంత్రంలో కఫజ లింగనాశానికి శలాకతో శస్త్రకర్మ చెప్పాడు. ఆయుర్వేదాన్ని గౌరవించేవారు ఈ సంగతి మరువరాదు.

మన కంటిలోని సహజ కటకం యౌవనంలో మెత్తగా ఉండి, దగ్గరి వస్తువును చూడటానికి తన ఆకారాన్ని మార్చుకుంటుంది. నలభై దాటేసరికి గట్టిపడుతుంది. అదే చత్వారం. ఆ కటకమే మసకబారితే శుక్లం. యుద్ధకాలంలో విమానచోదకుల కళ్ళలో గుచ్చుకున్న ప్లాస్టిక్ ముక్కలు కంటికి హాని చేయకుండా ఉండటం గమనించి, హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు 1949లో లండన్‌లో తొలి కృత్రిమ కటకాన్ని అమర్చాడు. అంతకుముందు శుక్లం తీయించుకున్నవారికి సోడాబుడ్డి అద్దాలే గతి.

నేడు కటకాలు పలు రకాలు. మోనోఫోకల్ కటకం ఒక్క దూరానికే స్పష్టత నిస్తుంది. సాధారణంగా దానిని దూరపుచూపుకు అమరుస్తారు. అప్పుడు 40 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం చదవాలంటే సుమారు 2.5 డయాప్టర్ల కళ్ళజోడు కావాలి. మల్టీఫోకల్ కటకం వెలుగును రెండు మూడు దూరాలకు పంచుతుంది. చాలామంది కళ్ళజోడు లేకుండానే చదువుకోగలరు. అయితే పంచిన వెలుగు గనుక మసకవెలుతురులో స్పష్టత కొంత తగ్గవచ్చు, రాత్రివేళ దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. మధుమేహం వల్ల గాని, వయోభారం వల్ల గాని రెటీనా దెబ్బతిన్నవారికి ఇది సాధారణంగా తగదు. ఈ రెంటికీ నడుమ దృష్టిపరిధిని పొడిగించే కటకాలున్నాయి. అవి దూరానికీ, వంటగట్టుకూ, కంప్యూటరుకూ బాగుంటాయి. సన్నని అక్షరాలకు మాత్రం తరచు కళ్ళజోడు వెతుక్కోవాలి. టోరిక్ కటకం నల్లగుడ్డు వంపులోని తేడాను సరిచేస్తుందే గాని, అంతమాత్రాన చదివించదు.

మా వదినగారు మల్టీఫోకల్ పెట్టించుకున్నారు. పంచాంగం చక్కగా చదువుతున్నారు. రాత్రివేళ వాహనాల దీపాలు చెదిరినట్లుంటాయంటారు. ఆమె బండి నడపరు గనుక చింత లేదు. రాత్రిళ్ళు బండి నడిపే మా తమ్ముడికి అదే కటకం శిక్ష కావచ్చు. కనుక ఖరీదైనదే ఉత్తమమన్న భ్రమ వదలాలి.

ఇక నా వంటివారికి మరో మార్గమున్నదని ఆలస్యంగా తెలుసుకున్నాను. అదే మోనోఫోకల్ కటకాన్ని చదివే దూరానికి అమర్చి, దూరానికి కళ్ళజోడు పెట్టుకోవచ్చు. లేదా ఒక కంటిని దూరానికీ, రెండవదానిని దగ్గరకూ అమర్చవచ్చు. ఈ రెండవ పద్ధతి అందరికీ సరిపడదు. ముందుగా కాంటాక్టు లెన్సులతో సరిచూసుకోవడం మేలు. నా వైద్యులు నన్నడగలేదు, నేనూ చెప్పలేదు. శస్త్రచికిత్స చక్కగా చేసినవారిని నిందించను. కాని అడగడం వారి ధర్మం, చెప్పడం మన ధర్మం.

'కళ్ళజోడు పెట్టుకుంటే పోయేదేమున్నది?' అని కొందరనవచ్చు. నిజమే, నేనూ పెట్టుకొనే ఇది వ్రాస్తున్నాను. అయితే కళ్ళజోడు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఒకసారి అమర్చిన కటకాన్ని మార్చడం అంత సులువు కాదు. అందుకే నిర్ణయం ముందే జరగాలి.

పాఠకులకు నా మనవి ఒక్కటే. ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు మీరు మామూలుగా చదివే చోట కూర్చోండి. పుస్తకానికీ కంటికీ మధ్య దూరాన్ని టేపుతో కొలిపించండి. చదువు, కుట్టుపని, వంట, రాత్రి ప్రయాణం, వీటిలో మీకేది ముఖ్యమో వరుసగా కాగితంపై వ్రాయండి. కటకం ధర అడిగే ముందు ఆ కాగితం వైద్యుని చేతికివ్వండి. నేను ఆ కాగితం వ్రాయలేదు. మీరు వ్రాయండి.