పలక మీద అక్షరాలే చాలు

సంపాదకులకు,

పాత కంప్యూటర్ ఆటల మీద మోజంతా చిన్ననాటి బెంగేనని మీ వ్యాసకర్త తేల్చేశారు. ఒప్పుకోను. 1980లో వచ్చిన ‘రోగ్’ను నేను నలభై దాటాక మొదటిసారి ఆడాను. అందులో తలచుకోవడానికి నాకు బాల్యమే లేదు.

ఆ ఆటలో బొమ్మలుండవు. నల్లటి తెర, దానిమీద అక్షరాలు. ఈమెయిల్ చిరునామా మధ్యలో పెట్టే గుర్తే మన వీరుడు. ఇంగ్లిషు పెద్దబడి అక్షరాలు ఇరవయ్యారూ రాక్షసులే. పలకలకు పేరుపడ్డ మా మార్కాపురం వాళ్లకి అది అచ్చం పలకే! నేను అడుగేస్తేనే అవీ అడుగేస్తాయి, కాబట్టి ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. అయినా ‘టి’ అక్షరం, అంటే ట్రోల్, గడి గడీ దగ్గరికొస్తుంటే అరచెయ్యి చెమర్చింది. చచ్చామా, పలక తుడిచేసినట్టే. మళ్లీ మొదటి అంతస్తు, అదీ కొత్త గదులతో.

గిద్దలూరులో ఫోను ఆటలు తప్ప ఎరగని మా మేనల్లుడికి చూపించాను. ‘ఇదేం ఆట మామా’ అన్నవాడు అన్నానికి పిలిచినా లేవలేదు. వాడికెక్కడిది బెంగ?

ఆటలో వెతకాల్సిన తాయెత్తు దొరికేది 26వ అంతస్తులో. వాడింకా చేరలేదు. నేనూ చేరలేదు.

– ఒక పాఠకుడు, మార్కాపురం