ఈ బొమ్మలో ఉండేది మా అమ్మ కాదు

మా సందులో ఎనిమిదో తరగతి పాప ఒకతె ఉంది. కన్నడ బడిలో ‘నన్న అమ్మన కెలస’ అని చార్టు చేసుకొని రమ్మన్నారు. వాళ్లమ్మది స్పిన్నింగు మిల్లు, రింగు ఫ్రేము మీద పని. పాప ఫోన్లో ఏఐని అడిగింది, ‘ఇండియాలో దారం తీసే ఆడమనిషి బొమ్మ వెయ్యి’ అని. వచ్చిన బొమ్మలో పూరి గుడిసె, చినిగిన చీర, ముందర రాట్నం, కండ్లల్లో నీళ్లు. వాళ్లమ్మ చూసి, ‘ఇదెవరే? నేనెప్పుడు రాట్నం తిప్పినా?’ అనింది. నవ్వుతానే అనింది గానీ, నాకు మనసులో గుచ్చుకుంది.

ఆ యంత్రానికి మన మిల్లు తెలీదు. ఇంటర్నెట్టులోని బొమ్మలు, వాటి కింద రాసిన మాటలు చూసి అది నేర్చుకుంటుంది. దాంట్లో ఏది ఎక్కువుంటే అదే తిరిగి గీస్తుంది. 2023లో రెస్ట్ ఆఫ్ వరల్డ్ అనే పత్రికవాళ్లు మిడ్‌జర్నీతో ‘భారతీయ వ్యక్తి’ అని నూరు బొమ్మలు వేయించినారు. దాదాపు అన్నీ గడ్డం పెంచిన ముసలాయనలే, ఎక్కువమందికి తలపాగా. ఆడవాళ్లు యాడికి పోయినట్టు? అదే ఏడు బ్లూమ్‌బర్గ్ వాళ్లు స్టేబుల్ డిఫ్యూజన్‌ను పరీక్షిస్తే, పెద్ద జీతాల ఉద్యోగాలకు తెల్లటి మొహాలు, చిన్న జీతాల పనులకు నల్లటి మొహాలు ఎక్కువగా వచ్చినాయి.

ఇది మనకు కొత్త కాదు. 1999లో సమరసింహారెడ్డి ఆడినాక సీమ అంటే సినిమాల్లో కత్తులు, బాంబులే. బళ్ళారి 1953లోనే మైసూరులో కలిసింది. అయినా తెలుగోళ్లమని తెలిస్తే ‘మీ పక్క బాంబులేస్తారంట కదా’ అని అడిగేవాళ్లు ఇంకా ఉండారు. అప్పుడు సినిమా చేసిన పనే ఇప్పుడు ఫోను చేస్తా ఉంది.

బొమ్మే కదా, పోనీలే అంటారా? రేపు మన గురించి రాసే వార్తకూ, అతికించే పోస్టరుకూ ఇట్లాంటి బొమ్మే వేస్తారు. రాట్నం బొమ్మలో నైట్ షిఫ్టు కనపడదు. ఎగిరే దూది దుమ్ము కనపడదు. ఆ దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు చట్టం జాబితాలోనే ఉంది. బొమ్మలో దుమ్మే లేకపోతే జబ్బు గురించి ఎవరడుగుతారు? చూసినోళ్లు అయ్యో పాపం అంటారు, అంతే. జాలి పడతారు గానీ కూలి పెంచరు.

అక్కలారా, అన్నలారా, పిల్లోళ్లు ఏఐతో బొమ్మ వేయిస్తే ఒకసారి పక్కన కూర్చోండి. ఏ ఊరు, ఏ మెషిను, ఏ బట్టలు అని వివరంగా అడగమనండి. వచ్చింది తప్పయితే తప్పని చెప్పండి. అన్నిటికన్నా మేలు, మన ఫొటో మనమే తీసుకోవడం. ఎవరి ఫొటో తీసినా వాళ్లనొక మాట అడిగి తీయండి.

పాప ఆ బొమ్మ పీకేసింది. మధ్యాహ్నం పనికి పోతా ఉండే వాళ్లమ్మను గడప దగ్గరే ఫొటో తీసింది. చూడీదారు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టిఫిను డబ్బా. కింద కన్నడలో, తెలుగులో రాసింది: ‘మా అమ్మ. రెండో షిఫ్టు.’