పదిమంది లెక్క తప్పేది మూడేళ్ళ వయసులోనే



బడుల్లో చేర్పుల కాలం దగ్గరపడిందంటే హోసూరు వీధుల గోడలన్నీ రంగు కాగితాలతో నిండిపోతాయి. మూడేళ్ళ బిడ్డను ఏ బడికి పంపాలన్న చర్చ ప్రతి తెలుగింటా మొదలవుతుంది. నన్నూ కొందరు అడుగుతారు. అడిగేవారిలో చాలామంది ముందే ఒకచోట డబ్బు కట్టి వచ్చి, నా చేత అవుననిపించుకోవాలని చూస్తారు. నేను అవునని అనను. ఎందుకో ఇక్కడ వ్రాస్తున్నాను. కటువుగా తోస్తే మన్నించండి.

మీరు చూసేవి చల్లని గది, ఇంటి ముందుకు వచ్చే వ్యాను, మెడలో టై, వీటన్నిటికీ మించి "మా దగ్గర ఇంగ్లీషు తప్ప మరో మాట వినబడదు" అనే హామీ. ఆ హామీయే మీకు ముద్దు. నాకు దానిని మించిన భయం లేదు. మూడేళ్ళ బిడ్డకున్న ఆస్తి యావత్తూ దాని మాటే. ఆకలైనా, కడుపు నొచ్చినా, పక్కపిల్ల గిచ్చినా చెప్పుకోవడానికి దానికి వేరే సాధనం లేదు. ఆ మాటను గుమ్మం దగ్గర చెప్పులతో పాటు విడిచి రమ్మనే చోటును బడి అనడానికి నాకు నోరు రాదు. ఒంటికి పోవాలని తెలుగులో అడిగి, ఎవరూ పట్టించుకోక, నిక్కరు తడుపుకొని మూల నిలబడే పసివాడు మీ కంట పడడు. ఒకటో తరగతికి మా దగ్గరికి వచ్చేనాటికి అతడు నోరు విప్పడమే మానేసి ఉంటాడు. మీరేమో మావాడు ఎంత నెమ్మదస్తుడో అని మురిసిపోతారు.

ఇంకొక ముచ్చట. రాగిచేలు వాన చుక్క కోసం ఆకాశం వైపు చూసే ఈ మొరసునాట, వానను వెళ్ళిపొమ్మని చెప్పే ఇంగ్లీషు పాటను పిల్లల చేత చేతులూపించి పాడిస్తారు. తల్లులు చప్పట్లు కొడతారు. ఏ నేల మీద నిలబడి ఏం పాడుతున్నామో ఒక్కరికీ పట్టదు.

"ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నాము కదా, చాలదా?" అంటారు. చాలదు. భాష ఒక్కసారిగా పోదు. గదులు ఖాళీ చేసినట్టు ఒక్కొక్క మూల నుంచి పోతుంది. మొదట అంకెలు పోతాయి. మీ బిడ్డను ఇరవై ఏడు ఎంత అని అడిగి చూడండి. ఇంగ్లీషులో చెబితే గాని తెలియదు. తరువాత రంగులు, ఆపైన పండ్లు, పక్షులు, వారాల పేర్లు. అత్త, పిన్ని, పెద్దమ్మ ముగ్గురూ కలిసి ఒకే ఆంటీ అవుతారు. చివరకు తెలుగులో మిగిలేవి "తిను, రా, పడుకో" అనే మాటలే. అవి వంటింటికి సరిపోతాయి, కథ చెప్పడానికి సరిపోవు. అవ్వ చెప్పే కథ సగం అర్థం కాని మనుమడు ఆమె ఒడిలోంచి లేచి టీవీ ముందుకు పోతే తప్పు ఎవరిది?

"ఇంగ్లీషు లేకుంటే బతుకెలా?" అని రెండవ ప్రశ్న. ఇంగ్లీషు వద్దన్నదెవరు? ఒకటో తరగతి నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లీషు చెబుతున్నారు. మాతృభాషలో మొదలుపెట్టడమే మేలని 1953లోనే యునెస్కో నివేదిక చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి దాకా, వీలైతే ఎనిమిది దాకా ఇంటి భాషలో బోధించమన్నది. తమిళనాడు ఆ విధానాన్ని ఒప్పుకోలేదన్నది వేరే తగవు. పసివాడి మెదడుకు ఆ తగవుతో పని లేదు.

ఇక అసలు సంగతి. 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం చేసింది. ప్రాథమిక దశలో బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని వేరే మాతృభాష పిల్లలుంటే, వారి భాషలో చెప్పడానికి ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించమని రాష్ట్రాలకు చెప్పింది. అంటే మన హక్కు అంతా ఆ పదిమంది తల మీద నిలిచి ఉన్నది. మూడేళ్ళకే ఇంగ్లీషు బడి వ్యాను ఎక్కినవాడు అయిదేళ్ళకు దిగి తెలుగు తరగతికి రాడు. పదిమంది ఆరుగురైతే, తెలుగు తరగతి తీసివేసే అధికారికి మనమే కలం అందించినవాళ్ళమవుతాము.

2006లో తమిళం నిర్బంధం చేస్తూ చట్టం వచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలై అది ఏటా ఒక్కో తరగతి పైకి పాకింది. పదో తరగతి పరీక్షలో మినహాయింపు కోసం న్యాయస్థానాల మెట్లెక్కాము. ఎక్కవలసిందే. కానీ ఉపాధ్యాయ మిత్రులారా, పదో తరగతి తెలుగు కోసం సభల్లో గొంతు చించుకొని, మన మనుమణ్ణి మాత్రం తెలుగు మాటకు జరిమానా వేసే నర్సరీలో చేర్చడం ఏ నీతి? వేరుకు నీళ్ళు మాని కొమ్మకు పందిరి వేస్తున్నాము.

కనుక డబ్బు కట్టకముందు ఒక పూట ఆ బడిలో కూర్చోండి. కూర్చోనివ్వకపోతే అక్కడే తిరిగి రండి. పిల్ల ఏడిస్తే దాని భాషలో ఊరడించే మనిషి ఒక్కరైనా ఉన్నారా చూడండి. మూడేళ్ళవాడి చేత నాలుగు గీతల పుస్తకంలో అక్షరాలు దిద్దిస్తున్నారా, ఇసుకలో, మట్టిలో ఆడనిస్తున్నారా చూడండి. ఆ వేళ్ళకు పెన్సిలు పట్టే బలం ఇంకా రాలేదు. పసివాణ్ణీ మిమ్మల్నీ పరీక్షించి చేర్చుకుంటామంటే, నర్సరీ పరీక్షలు, ఇంటర్వ్యూలు రద్దు చేయమని 1993లోనే యశ్‌పాల్ సంఘం చెప్పిన సంగతి గుర్తు చేయండి. అంగన్వాడీని చులకన చేయకండి. గోడకు రంగు లేకపోవచ్చును, కానీ బాగలూరు, డెంకణికోట వైపు పల్లెల్లో ఆ టీచరు తరచుగా మన భాష తెలిసిన మనిషే. అక్కడ లోపాలుంటే పదిమంది తల్లులు కలిసి అడిగితే కదులుతాయి. వ్యాను బడి యజమానిని అడిగి చూడండి, ఏమంటాడో!

మిత్రులు ఈ వేసవి సెలవులకు ముందే తమ బడి చుట్టూ ఉన్న తెలుగిళ్ళకు వెళ్ళి, మూడు నుంచి అయిదేళ్ళలోపు పిల్లల పేర్లు ఒక పుస్తకంలో వ్రాసుకోవాలని కోరుతున్నాను. జూన్ నాటికి పది పేర్లు పూర్తయితే, అర్జీ ఎలా పెట్టాలో కూర్చుని మాట్లాడుకుందాము.