కొంచెమే కదా తేడా

మా పెద్దోడు బీటెక్ అయిపోయి ఏడాదిన్నర అయింది. హైదరాబాదులో రూము తీసుకొని ఏదో కోర్సు నేర్చుకుంటున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్ళ నాన్న ఇంట్లో లేని టైము చూసి, నేను నువ్వులు వేయిస్తుంటే పక్కన వచ్చి కూచున్నాడు.

"మా, రెజ్యూమెలో రెండేళ్ళు ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తారంట. లెటరు, జీతం స్లిప్పులు అన్నీ వాళ్ళే ఇస్తారు. లక్షన్నర అడుగుతాండారు."

లక్షన్నర అంటే నా గాజులు బ్యాంకుకు పోవాల. నేను నోరు తెరిచేలోపే వాడే అందుకున్నాడు. "అందరూ చేస్తాండేదే మా. కొంచెమే కదా తేడా. ఒకసారి సెటిలైతే మన ఊరి బడికి నేనే కంప్యూటర్లు కొనిస్తా."

బడికి కంప్యూటర్లు అనకపోయి ఉంటే నాకు రామలింగరాజు గుర్తొచ్చేవాడు కాదేమో.

మన వయసు వాళ్ళకు ఆ పేరు చెప్పే పనిలేదు. పిల్లలకు మాత్రం చెప్పాలి. పశ్చిమ గోదావరి రైతు కుటుంబంలో పుట్టి, 1987లో సత్యం కంప్యూటర్స్ పెట్టిన మనిషి. నాకు పెళ్ళయిన కొత్తలో సంబంధాలు మాట్లాడేచోట "అబ్బాయి సత్యంలో" అంటే ఇంక రెండో ప్రశ్న ఉండేది కాదు. ఆ కంపెనీలో 53 వేల మంది పనిచేసే రోజులు కూడా వచ్చాయి. తండ్రి పేరు మీద 2001లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టి పల్లెల్లో తాగునీటి ప్లాంట్లు కట్టించాడు. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలైంది కూడా ఆయన చేతుల మీదుగానే. తర్వాత నడిపే ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే పెట్టుకుంది, అది వేరే సంగతి. ఆలోచన ఆయనది, మొదటి డబ్బు ఆయనది.

ఆ 108 ఒక రాత్రి మా వీధికి వచ్చింది. మా అత్తకు గుండెల్లో నొప్పి, ఒళ్ళంతా చెమటలు. బద్వేలు నుంచి కడప రిమ్స్‌కు గంటకు పైనే పడుతుంది. ఆ వేళప్పుడు ఆటో కూడా దొరకదు. బండి వచ్చింది, లోపలే ఆక్సిజన్ పెట్టారు, ఎవరూ పైసా అడగలేదు. మా అత్త ఈరోజు కూడా అరుగు మీద కూచొని నా వంటకు వంకలు పెడుతోంది. ఆ రాత్రి బండి ఎవరు మొదలుపెట్టారో, ఆయన మీద కేసులేమిటో నాకు గుర్తుకు రాలేదు. వచ్చుంటే దిగి నడుస్తామా?

కథలో రెండో భాగం మీకు తెలుసు. 2008 డిసెంబరు 16న, కొడుకుల పేరుతో ఉన్న మేటాస్ కంపెనీలను సత్యంతో కొనిపించబోయాడు. సత్యం ఇంగ్లీషు అక్షరాలను తిప్పిరాస్తే వచ్చే పేరది. షేర్లు కొన్నవాళ్ళు గోల చేస్తే కొన్ని గంటల్లోనే వెనక్కు తగ్గాడు. మూడు వారాలకు, 2009 జనవరి 7న, ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. పుస్తకాల్లో ఉన్నట్టు చూపించిన డబ్బులో 5,040 కోట్లు అసలు లేనే లేవని.

నేను చదివింది తెలుగు బి.ఏ. కంపెనీ లెక్కలు నాకు తెలియవు గానీ ఉత్తరం చదవడం తెలుసు. మొదట అసలు లాభానికి, రాసిన లాభానికి చిన్న తేడా ఉండిందట. ఏటా దాన్ని కప్పుకుంటూ పోతే పెరిగిపోయిందట. పులి మీద ఎక్కినవాడిలా, దిగితే తింటుందేమోనని దిగలేకపోయాడట. తామూ తమ భార్యలూ ఎనిమిదేళ్ళుగా షేర్లు అమ్మలేదనీ, దానధర్మాలకు అమ్మిన కొద్దిపాటి తప్ప అనీ కూడా రాశాడు. నేను ఆగిపోయింది అక్కడే. అంత నేరం ఒప్పుకుంటూ కూడా మనిషికి తను చేసిన దానం ఒక మూల రాసుకోవాలనిపించింది. నాకు కోపం రాలేదు, జాలేసింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు కోర్టు ఆయనకూ తమ్ముడు రామరాజుకూ ఏడేళ్ళ శిక్ష వేసింది. అప్పీలుకు పోతే మరుసటి నెలలోనే ఆ శిక్షను ఆపి బెయిలిచ్చారు.

దానం గురించి మా పక్కనున్న పోరుమామిళ్ళలో ఒక పాత సాక్ష్యం ఉంది. 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు తవ్వించి శాసనం వేయించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. పెద్దవాళ్ళు చెప్పే సప్తసంతానాల్లో కొడుకుతో పాటు చెరువూ ఒకటి కదా, మనిషి పోయినా పేరు నిలిపేది. అయితే ఆ శాసనం పుణ్యం చెప్పి ఊరుకోలేదు, చెరువుకుండే ఆరు దోషాలనూ చెప్పింది. అందులో ఒకటి కట్టలోంచి నీరు ఊరడం. చెమ్మే కదా అనిపిస్తుంది చూసేవాళ్ళకు.

నన్నడిగితే 108 మంచిపనే. దొంగలెక్క దొంగలెక్కే. రెండూ ఒకే మనిషి చేసినా ఒకదాని కింద ఇంకోటి తీసివేయడానికి అవి ఒకే పద్దులోవి కావు. బండి చేతులు మారి ఇప్పటికీ నడుస్తోంది. ఇంకెంతోమంది అత్తలను మోస్తోంది. ఆ డబ్బుతో షేర్లు కొనుక్కున్న ఇళ్ళల్లో మాత్రం ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఆగాయి. వాళ్ళకు 108 చూపించి ఏం చెప్తాం?

ఇంత జ్ఞానం మా వాడికి చెప్పబోయి సగంలో ఆగిపోయాను. ఎందుకంటే పోయిన శ్రావణంలో పెళ్ళిలో మా వదిన "ఏం వదినా, పిల్లోడు ఏం చేస్తాండాడు?" అంటే "హైదరాబాదులో జాబు వచ్చింది" అనేశాను. చుట్టూ అందరి పిల్లలకూ వచ్చేసింది, నామోషీ. కార్తీకంలో ఇంకొకామె జీతమెంత అని అడిగింది. నలభై వేలన్నాను. ఆమె మా ఊళ్ళో ఎవరికి చెప్పిందో, ఒక సంబంధం వాళ్ళు యాభై అనుకొని ఫోన్ చేశారు. లెక్కలు పెంచడం వాడికి ఎవరు నేర్పిందీ?

గాజులు ఇవ్వనని మాత్రం చెప్పాను. వాడు అలిగి రెండు రోజులు మాట్లాడలేదు, బస్సెక్కేటప్పుడు కూడా. ఆ కంప్యూటర్ల సంగతి జీతం వచ్చాక చూద్దాంలే అన్నా పలకలేదు. ఏం చేస్తాడో నాకు తెలియదు. డబ్బు ఇంకెక్కడైనా పుట్టొచ్చు.

వాడు పోయిన సాయంత్రం వదినకు ఫోన్ చేశాను. వాడికి ఇంకా ఉద్యోగం రాలేదు వదినా, అప్పుడు అబద్ధం చెప్పాను అన్నాను.

"తెలుసులే వదినా. ఆ పెళ్ళిలోనే మీవాడు మావాడితో చెప్పినాడు" అంది.