స్క్రీన్ మీద 500, ఊపిరితిత్తుల్లోకి 300

స్కూబా డైవర్ నీళ్లలోంచి హడావుడిగా పైకొచ్చేస్తే ఒంట్లో నైట్రోజన్ బుడగలు తయారవుతాయి. ఇంకొకరు మూసిన గదిలో జనరేటర్ పొగ పీల్చి, కార్బన్ మోనాక్సైడ్‌తో స్పృహ తప్పుతారు. ఇద్దరికీ వాడే ట్రీట్‌మెంట్ ఒకటుంది: హైపర్‌బారిక్ ఛాంబర్. తలుపు బిగించి, లోపలి గాలి ఒత్తిడిని బయటి కంటే 2.8 రెట్ల దాకా పెంచి, స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తారు. సముద్రంలో 18 మీటర్ల లోతున ఉండే ఒత్తిడి అది.

మరి సొంతంగా ఊపిరి తీసుకోలేని పేషెంట్ అయితే? పోర్టబుల్ వెంటిలేటర్ కూడా లోపలికి వెళ్లాలి. అసలు చిక్కు అక్కడే. అంబులెన్స్‌లో చక్కగా పనిచేసిన మెషిన్ ఇక్కడ లెక్క తప్పొచ్చు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, "నా లాప్‌టాప్‌లో బానే రన్ అయిందే" కేసు.

ఒత్తిడి 2.8 రెట్లయితే గాలి సాంద్రత కూడా అంతే పెరుగుతుంది. కొన్ని వెంటిలేటర్లు గాలిని ఇరుకు దారిలోంచి పంపి, దానికి అటూ ఇటూ ఉన్న ప్రెషర్ తేడాని బట్టి ఎంత వెళ్లిందో లెక్కకడతాయి. సాంద్రత పెరిగితే ఆ తేడా కూడా పెరుగుతుంది. ఆ సంగతి కోడ్‌కి ఎవరూ చెప్పకపోతే, సెన్సర్ 2.8కి వర్గమూలం, అంటే సుమారు 1.67 రెట్లు ఎక్కువ చూపిస్తుంది. స్క్రీన్ మీద 500 మిల్లీలీటర్లు, లోపలికి వెళ్లేది 300. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

ఆక్సిజన్ దండిగా ఉందిగా, 300 అయితే ఏంటట? నిజమే, ఆక్సిజన్‌కి లోటుండదు. కానీ ఊపిరికి రెండో డ్యూటీ ఉంది, కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి పంపడం. అది సరిగ్గా జరక్కపోతే రక్తంలో పేరుకుపోతుంది. మెదడు రక్తనాళాలు వెడల్పవుతాయి, అసలే ఎక్కువున్న ఆక్సిజన్ మెదడుకి ఇంకా ఎక్కువ చేరి ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఇదంతా జరుగుతున్నా ఆక్సిజన్ రీడింగ్ మాత్రం 100 దగ్గరే నిలబడి ఉంటుంది!

గొంతులో పెట్టిన ట్యూబు చుట్టూ గాలి నింపిన చిన్న బుడగ ఒకటి ఉంటుంది. ఒత్తిడికి అది కుంచించుకుపోతే పక్కల నుంచి లీకే. అందుకే గాలి తీసేసి సెలైన్ నింపుతారు. నీళ్లు నొక్కినా తగ్గవు కదా. నాకు భలే నచ్చిన ఫిక్స్ ఇది, ఒక్క లైన్ కోడ్ అక్కర్లేదు.

ఛాంబర్ కోసమే చేసిన వెంటిలేటర్లు చుట్టూ ఉన్న ఒత్తిడిని కొలిచి లెక్క సరిచేసుకోగలవు. మామూలువైతే పక్కనున్న మనిషే ఛాతీ ఎంత లేస్తోందో చూస్తూ, విడిగా స్పైరోమీటర్‌తో కొలుస్తూ సెట్టింగ్ పెంచుకుంటూ పోవాలి. ఒత్తిడి దించేటప్పుడు మళ్లీ మెట్టు మెట్టుకీ తగ్గించాలి. లేదంటే లోపల 500 అందడానికి పెట్టిన 835, తలుపు తెరిచే సమయానికి మొత్తం 835గానే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.