జాలీ అవతలి నుంచి చూసిన శిక్షణ

మే నెల. పొద్దున ఐదున్నర. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ మైదానంలోని బాస్కెట్‌బాల్ కోర్టు. వేసవి శిబిరం పిల్లలు ఆరున్నరకు వస్తారు. వాళ్ళు రాకముందు గంటసేపు ఆ కోర్టు ఏడెనిమిది మంది పెద్ద ఆటగాళ్ళది. కొందరు రైల్వే జట్టుకు ఆడతారు, కొందరు బ్యాంకు జట్టుకు. ఒకరిద్దరు డబ్బులిచ్చే లీగుల్లో కూడా ఆడారు. సెలవులకు ఇంటికొచ్చి, చిన్నప్పుడు ఆట నేర్పిన కోచ్ దగ్గరే మళ్ళీ సాధన చేస్తున్నారు. నగరంలో ప్రజల సొమ్ముతో నడిచే స్థలాలను ఎవరు ఎంతవరకు వాడుకోగలుగుతున్నారన్నది నా పీహెచ్‌డీ అంశం. ఆ పని మీదే మూడు వారాలు రోజూ అక్కడికి వెళ్ళాను.

నేను చూడాలనుకున్నది కోర్టును. నా నోట్‌బుక్ నిండా చేరింది మాత్రం కోర్టు చుట్టూ ఉన్న ఇనుప జాలీ. రోజూ ఐదారుగురు పిల్లలు ఆ జాలీ పట్టుకుని బయట నిలబడేవారు. పక్క బస్తీ పిల్లలు. వాళ్ళలో ఇద్దరి తల్లులు ఆ మైదానాన్నే ఊడుస్తారు. తల్లులు చీపుర్లు పట్టి గేటు దాటి లోపలికి పోతే, పిల్లలు జాలీ దగ్గర ఆగిపోయేవారు. శిబిరంలో మీ పేర్లు రాయించలేదా అని అడిగాను. రాయించుకునే రోజు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో వాళ్ళకు తెలియదు. పైగా బూట్లు లేకుండా కోర్టు మీదికి రానివ్వరు.

లోపల జరిగే సాధనలో చూడముచ్చటైనది ఏమీ లేదు. టీవీలో చూసే ఎగిరి దూకి రింగులో బంతి కుక్కే విన్యాసాలు ఇక్కడ కనిపించవు. ముందు పావుగంట కీళ్ళు వదులు చేసుకోవడం. తర్వాత మోకాళ్ళు వంచి, చేతులు చాపి, కోర్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా పక్కకు జారుతూ వెళ్ళడం. ఆ తర్వాత కుడి చేత్తో లేఅప్‌లు, అన్నే ఎడమ చేత్తో. ఒళ్ళంతా అలసిపోయాక చివర్లో ఫ్రీ త్రోలు. మ్యాచ్‌లో ఫ్రీ త్రో వేయాల్సి వచ్చేది అలసిపోయి ఉన్నప్పుడే కాబట్టి అలా చేయిస్తారట. అందరికంటే పొడుగాయన ఒకే చోట నిలబడి, ఒకేలా మోచెయ్యి ఎత్తి, నేను లెక్కపెట్టినంతలో నూటపది సార్లు బంతి వేశాడు. పడనప్పుడు విసుక్కోలేదు. పడినప్పుడు పొంగిపోలేదు.

జాలీ పట్టుకున్న పిల్లల్లో ఒకడు నన్నడిగాడు: “అక్కా, గా లంబన్న అప్పటి సంది గదే జాగల నిలవడి గదే బాల్ ఏస్తున్నడు. యాష్టకు రాదా?”

ఆ ప్రశ్నకు నేనేం చెప్పానో గుర్తు లేదు. అదే రోజు శిబిరం అయిపోయాక అక్కడి పెద్దమనిషి ఒకాయన అన్న మాట మాత్రం గుర్తుంది. జాలీ అవతలి పిల్లలను చూపించి, ఈ బస్తీల పిల్లలకు పుట్టుకతోనే ఒళ్ళు గట్టిది మేడమ్, వీళ్ళకు నేర్పాల్సిన పనే ఉండదు అన్నాడు. మెచ్చుకుంటున్నానని ఆయన అనుకున్నాడు. వాళ్ళను లోపలికి ఎందుకు రానివ్వడం లేదని అడిగితే, రూల్స్ మేడమ్ అన్నాడు. ఈ రెండు మాటలూ ఒకే నోట రావడం వింతేమీ కాదు. మొదటి మాట రెండోదానికి సాకు. పుట్టుకతోనే వస్తుందనుకుంటే కోర్టు ఇవ్వక్కర్లేదు, కోచ్‌ను ఇవ్వక్కర్లేదు, గుడ్డు, పాలు, బూట్లు ఏవీ ఇవ్వక్కర్లేదు.

మన పిల్లల శరీరాల గురించి ఈ మాటలు మనకు కొత్త కాదు. బరువు మోసేటప్పుడు ‘గట్టి ఒళ్ళు’, చదువు దగ్గరికి వచ్చేసరికి ‘మట్టి బుర్ర’. రెండూ పుట్టుక మీద వేసే ముద్రలే. ఈ ముద్రలు ఎంత ఉత్తవో బాస్కెట్‌బాల్ చరిత్రలోనే తెలుస్తుంది. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ శిక్షణ పాఠశాల అధ్యాపకుడు జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను రూపొందించాడు. 1930లలో అక్కడి పెద్ద నగరాల్లో ఈ ఆటలో యూదు వలస కుటుంబాల కుర్రాళ్ళు ముందుండేవారు. ఇరుకు వాడల్లో ఉండేవాళ్ళకు అందుబాటులో ఉన్న ఆట అది. యూదులకు పుట్టుకతో వచ్చే జిత్తుల వల్లే ఈ ఆట వాళ్ళకు అబ్బిందని అప్పట్లో పత్రికల్లో రాసినవాళ్ళున్నారు. తర్వాత యూదులు ఆ వాడలు వదిలి వెళ్ళారు, నల్లవాళ్ళు వచ్చారు. 1950లో ఎర్ల్ లాయిడ్ ఎన్‌బీఏ మ్యాచ్ ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. కొన్ని దశాబ్దాలకు ‘పుట్టు లక్షణం’ అన్న మాట నల్లవాళ్ళ మీదికి మారింది. మారింది రక్తం కాదు, కోర్టు పక్కన ఎవరి ఇళ్ళున్నాయన్నది.

ఆ వాడల్లో ఇంకొకటి కూడా జరిగింది. న్యూయార్క్ హార్లెమ్‌లో హోల్కోంబ్ రక్కర్ అనే నగర పార్కుల ఉద్యోగి 1950 ప్రాంతంలో వేసవి టోర్నమెంటు మొదలుపెట్టాడు. పిల్లలను వీధి నుంచి ఆటకు, ఆట నుంచి చదువుకు మళ్ళించాలన్నది ఆయన పట్టుదల. పోను పోను విల్ట్ చాంబర్లేన్, జూలియస్ ఎర్వింగ్ లాంటి పెద్ద పేర్లు వేసవిలో ఆ సిమెంటు కోర్టు మీదికి వచ్చి వాడ కుర్రాళ్ళతో ఆడారు. చోటు చాలక జనం చెట్లెక్కి, మిద్దెలెక్కి చూశారు. లాస్ ఏంజెలిస్ దక్షిణ వాడల్లో 1973లో మొదలైన డ్రూ లీగ్‌కూ ఎన్‌బీఏ ఆటగాళ్ళు వేసవిలో వస్తారు. అక్కడి జాత్యహంకారం దీనితో పోలేదు. కానీ తన వాడలో తన కళ్ళ ముందు అంత పెద్ద ఆటగాణ్ణి చూసిన పిల్లవాడికి ఒక సంగతి అర్థమవుతుంది: ఇతనూ మనిషే, ఇది నేర్చుకుంటే వచ్చేదే.

మన దేశంలో దీనికి పాత ఉదాహరణ పల్వంకర్ బాలూ. చర్మకార కులంలో పుట్టిన బాలూ పుణెలో యూరోపియన్ల క్రికెట్ క్లబ్బులో పిచ్ చదును చేసే పనివాడు. దొరలు సాధన చేసుకోవడానికి బంతులు వేసిపెట్టడం కూడా ఆ పనిలో భాగమైంది. నెట్స్‌లో గంటల తరబడి బంతులు వేసీ వేసీ ఆయన ఆనాటి అతి గొప్ప స్పిన్నరయ్యాడు. 1911లో భారత జట్టుతో ఇంగ్లండ్ వెళ్ళి వందకు పైగా వికెట్లు తీశాడు. అలాంటి ఆటగాడికి పుణె హిందూ క్లబ్బులో టీ వేరుగా, మట్టి ముంతలో ఇచ్చేవారు. కెప్టెన్సీ ఎన్నడూ ఇవ్వలేదు. బాలూది పుట్టుకతో వచ్చిన ప్రతిభ అని చెప్పుకోవడం తేలిక. ఆయనకు నిజంగా దొరికింది పనివాడి హోదాలోనైనా మైదానం లోపల ఉండే అవకాశం, చెయ్యి తిరిగేంత సాధన. ఇవాళ మైదానం ఊడ్చే తల్లి పిల్లవాడికి అది కూడా లేదు.

ఇక ‘ప్రొఫెషనల్’ అన్న మాట సంగతి. నేను చూసిన ఆటగాళ్ళకు నెల నెలా జీతం ఇచ్చేది లీగులు కాదు. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడి బతకడమంటే చాలావరకు రైల్వేలో, సైనిక దళాల్లో, ఓఎన్‌జీసీ లాంటి ప్రభుత్వ సంస్థల్లో, బ్యాంకుల్లో ఉద్యోగం చేస్తూ ఆడడమే. భారత మహిళా జట్టుకు సారథ్యం వహించి, 2021లో పద్మశ్రీ అందుకున్న అనిత పాల్‌దురై దక్షిణ రైల్వే ఉద్యోగి. 2015లో మొదలైన యూబీఏ లీగ్ 2017 తర్వాత సాగలేదు. 2022లో ఐఎన్‌బీఎల్ వచ్చింది. లీగులు వస్తుంటాయి, పోతుంటాయి. ఇన్నాళ్ళూ ఆటగాణ్ణి నిలబెట్టింది ప్రభుత్వ ఉద్యోగం. ప్రభుత్వ సంస్థలను అమ్మేస్తుంటే, ఖాళీలను కాంట్రాక్టు మనుషులతో నింపుతుంటే, రిజర్వేషన్ పోస్టులతో పాటు స్పోర్ట్స్ కోటా పోస్టులూ పోతాయి. ఆస్తి ఉన్న ఇంటి కుర్రాడు పదేళ్ళు ఆడి ఓడిపోయినా ఇంటి వ్యాపారంలోకి వెళ్ళగలడు. కూలి ఇంటి పిల్ల ఆటలో పెట్టిన పదేళ్ళు ఉద్యోగం దగ్గరికి చేర్చకపోతే ఆమెకు మిగిలేది ఏమీ లేదు. ప్రైవేటీకరణ మీద మనం చేసే వాదనలో ఆట కూడా ఉండాలి.

అమ్మాయిల మాట కూడా చెప్పాలి. ఆ మూడు వారాల్లో జాలీ దగ్గర నేను చూసిన ఆడపిల్లలు ఇద్దరే. వాళ్ళూ రోజు విడిచి రోజు కనిపించేవారు. ఎందుకని అడిగితే, నీళ్ళొచ్చే పొద్దు బిందెలు పట్టాలి అన్నారు. సాధన వేళ, నల్లా వేళ ఒకటే. కులం, పేదరికం, ఆడపుట్టుక మూడూ కలిసి ఒక పిల్ల పొద్దుటి గంటను ఎలా లాక్కుంటాయో చెప్పడానికి అంతకంటే పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు.

నా సంగతీ చెప్తాను. నేను చదివిన హాస్టల్లో బాస్కెట్‌బాల్ పోల్ ఒకటి ఉండేది. రింగు ఉండేది కాదు. ఆ పోల్‌కు తాడు కట్టి బట్టలు ఆరేసుకునేవాళ్ళం. అది ఆటకు సంబంధించినదని నాకు తెలిసింది యూనివర్సిటీకి వచ్చాకే. అయితే అవే సంక్షేమ విద్యాసంస్థలు పట్టించుకున్నప్పుడు ఏం జరిగిందో కూడా చూశాం. 2014 మే 25న గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అగసర నందిని 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచింది. వాళ్ళ వెనుక నెలల, ఏళ్ళ శిక్షణ ఉంది, తిండి ఉంది, వెంట నిలబడ్డ మనుషులు ఉన్నారు. వార్తల్లో ‘పేదింటి ఆణిముత్యాలు’ అని రాసేటప్పుడు ఇదంతా చెరిపేస్తారు.

ఎవరినీ కులం పేరుతో ఆపడం లేదు కదా అని వాదించేవాళ్ళుంటారు. 1923లో బొంబాయి శాసనమండలి, 1924లో మహద్ మున్సిపాలిటీ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానాలు చేశాయి. కాగితం మీద తెరిచిన ఆ చెరువు నీళ్ళు ముట్టుకోవడానికి 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడవాల్సి వచ్చింది. మన మైదానాలు కూడా కాగితం మీద తెరిచే ఉన్నాయి. రాజ్యాంగం 15(2) అధికరణం బావులు, చెరువులు, రోడ్లతో పాటు ప్రభుత్వ నిధులతో నడిచే ప్రజా స్థలాలన్నిటినీ వాడుకునే హక్కు గురించి చెప్తుంది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టంలో ప్రజా వినోద స్థలమంటే ఏమిటో వివరించినచోట ఆట, క్రీడ అన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి. బూట్ల నిబంధనను అంటరానితనం అని నేను అనడం లేదు. కానీ ఆ నిబంధన వల్ల రోజూ ఎవరు బయట నిలబడుతున్నారో లెక్క తీస్తే, ఆ లెక్కలో కులం కనిపిస్తుంది.

కాబట్టి మనం అడగాల్సినవి పెద్ద పెద్ద స్టేడియాలు కావు. మొదటిది, ప్రభుత్వ శిబిరాల్లో చేరిన పిల్లల వివరాలు సామాజిక వర్గాల వారీగా, ఆడ మగ వారీగా బయటపెట్టాలి. విద్యార్థి సంఘాలు సమాచార హక్కు దరఖాస్తుతో ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు. రెండోది, శిబిరాల నమోదు బస్తీలోనే, అంగన్‌వాడీ దగ్గరో ప్రభుత్వ బడి దగ్గరో జరగాలి. బూట్లు, బంతులు శిబిరమే ఇవ్వాలి. మూడోది, చోటు. పూర్తి బాస్కెట్‌బాల్ కోర్టుకు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కావాలి. టోక్యో నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న త్రీ బై త్రీ ఆటకు అందులో సగం కూడా అక్కర్లేదు. దళితవాడల్లో అలాంటి సగం కోర్టులకు ఎస్సీ సబ్‌ప్లాన్, తెలంగాణలో ప్రత్యేక అభివృద్ధి నిధి ఎందుకు పనికిరావు? బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 చివర్లో మొదలైన ‘ఆడుదాం ఆంధ్ర’ పోటీల్లో ఐదు ఆటలుంటే, అందులో బాస్కెట్‌బాల్ లేదు. పోటీ పెట్టి బహుమతి ఇవ్వడం ఒక నెల పని. రోజూ సాధన చేయించడం ఏడాది పొడుగునా చేయాల్సిన పని. మనకు కావలసింది రెండోది.

శిబిరం ముగిసే వారంలో ఒక పొద్దున ఆ పొడుగాయన సాధన అయ్యాక గేటు తీసి జాలీ దగ్గరున్న పిల్లలను లోపలికి పిలిచాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు, శిబిరం పిల్లలు ఇంకా రాలేదు. యాష్టకు రాదా అని నన్నడిగిన పిల్లవాడు వట్టి కాళ్ళతో ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడ్డాడు. మోచెయ్యి ఎత్తిన తీరు అచ్చం ఆయనదే. మూడు వారాలు బయట నిలబడి చూసి నేర్చుకున్నది అది. మొదటి బంతి రింగుకు కూడా అందలేదు. పరుగెత్తి బంతి తెచ్చుకుని మళ్ళీ వేశాడు. అదీ పడలేదు. ఆరో బంతి వేసేసరికి శిబిరం బ్యాచ్ టైమైందని విజిల్ వినిపించింది, వాడు గేటు బయటికి వచ్చేశాడు. లోపల ఆయన వేసినవి నూటపది. వీడికి దొరికినవి ఆరు. ఆ నూటనాలుగు బంతుల తేడానే లోకం ప్రతిభ అని పిలుస్తోంది.