లూర్దు లెక్క గుణదలలో ఎందుకు లేదు?

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల కొండకు లక్షల మంది వస్తారు. 1924లో ఇటలీ ఫాదర్ ఆర్లాటి ప్రతిష్ఠించిన లూర్దు మాతకు తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. రోగం నయమైందని మొక్కు తీర్చుకునేవాళ్ళు ఎందరో!

మరి అసలు లూర్దులో? అక్కడ 1883 నుంచి డాక్టర్ల కార్యాలయం ఉంది. సుమారు 7 వేల స్వస్థతలు నమోదైతే, 2025 నాటికి చర్చి అద్భుతాలని ఒప్పుకున్నవి 72! వాటిలో తెగిన కాలు మొలిచింది ఒక్కటీ లేదు.

ఫ్రాన్సులో వైద్య పరీక్ష, గుణదలలో నోటిమాటా? ఆ మాట నమ్మి మందులు మానేసే టీబీ రోగి ప్రాణానికి జవాబుదారీ ఎవరు? మైసమ్మ అయినా మేరీమాత అయినా మా ప్రశ్న ఒకటే: రిపోర్టులేవి?